సంభావ్యత – 3వ పాఠం: అష్టా ఎందుకంత అరుదు?

కిందటి పాఠాల్లో ఒక నాణెం, ఒక పాచిక చూశాం. ఈసారి అష్టాచెమ్మా. నాలుగు గవ్వలు వేస్తే పడేవి ఐదే: ఒకటి, రెండు, మూడు, చెమ్మా (నాలుగూ వెల్లకిలా), అష్టా (నాలుగూ బోర్లా). అలాగని అష్టా సంభావ్యత 1/5 అంటే ఆడినవాళ్లెవరూ ఒప్పుకోరు. రెండు పడీ పడీ విసుగొస్తుంది, అష్టా మాత్రం రానే రాదు.

తప్పు ఎక్కడుందో నాణేలతో తేలుతుంది. గవ్వ ఒకపక్క ఉబ్బుగా ఉంటుంది కాబట్టి దాన్ని కాసేపు పక్కన పెడదాం. 1, 2, 5, 10 రూపాయల నాణేలు ఒక్కోటి తీసుకోండి. నాలుగూ వేరువేరుగా ఉండాలి, అసలు కిటుకు అదే. బొమ్మ పడితే వెల్లకిలా, బొరుసు పడితే బోర్లా అనుకోండి. ఒక్కో నాణేనికి 2 దారులు, నాలుగింటికి 2×2×2×2 = 16. పదహారూ నోట్‌బుక్‌లో రాయండి. 'ఒకటి' పడాలంటే రూపాయి ఒక్కటే బొమ్మ కావచ్చు, లేదా రెండు రూపాయలది, లేదా ఐదుది, లేదా పదిది. అంటే 4 దారులు. 'రెండు'కి 6, 'మూడు'కి 4. చెమ్మాకి 1, అష్టాకి 1. కాబట్టి అష్టా సంభావ్యత 1/16, రెండుది 6/16.

'అనుకూలమైనవి ÷ మొత్తం' సూత్రం పర్యవసానాలు (పడగలిగే దారులు) సమసంభవాలైనప్పుడే, అంటే అన్నింటికీ పడే అవకాశం సమానమైనప్పుడే పనిచేస్తుంది. పై ఐదు పేర్లూ సమసంభవాలు కావు, ఈ పదహారు దారులే సమసంభవాలు. ఇందులో పొరబడితే సిగ్గుపడక్కర్లేదు. నాణెం రెండుసార్లు ఎగరేస్తే ఒక్కసారైనా బొమ్మ పడే సంభావ్యత 2/3 అని ఫ్రెంచి గణితవేత్త డాలంబేర్ 1754లో అచ్చులోనే రాశాడు. మొదటే బొమ్మ పడితే ఆట ఆగుతుంది, కాబట్టి దారులు మూడే అన్నాడు. సరైన జవాబు 3/4.

ఇప్పుడు 80 సార్లు వేసి చూడండి. లెక్క ప్రకారం ఒకటి 20, రెండు 30, మూడు 20, చెమ్మా 5, అష్టా 5 రావాలి. అచ్చంగా అలాగే రావు. అష్టా 2 వచ్చినా 8 వచ్చినా కంగారు వద్దు. 15 వస్తే మాత్రం మీరు వేసే తీరు చూసుకోండి. నాణేలను గుప్పిట్లో బాగా గిలకరించకుండా నేలమీదికి జార్చేస్తుంటారు. నాణెం మంచం కిందికి దొర్లిపోతే మొత్తం మళ్లీ వేయాలి. దొరికిన మూడింటినే లెక్కపెట్టకూడదు.

ఇక గవ్వలకు బదులు ఒక పక్క అరగదీసిన చింతపిక్కలు. తెలుపు పడితే వెల్లకిలా, నలుపు పడితే బోర్లా అనుకోండి. తెలుపు, నలుపు సగం సగం పడతాయన్న నమ్మకం లేదు. ఒక పిక్కను 100 సార్లు వేసి తెలుపు ఎన్నిసార్లు పడిందో రాయండి. 40 అనుకుందాం. అలాంటి పిక్కలు నాలుగు తీసుకుని 10,000 సార్లు వేస్తే మొదటిది సుమారు 4,000 సార్లు తెలుపు. అందులో రెండోదీ తెలుపయ్యేవి 1,600, మూడోదీ కలిస్తే 640, నాలుగోదీ కలిస్తే 256. చెమ్మా అంతే. నలుపుకి ఇదే వరస: 6,000, 3,600, 2,160, 1,296. ఈ పిక్కలతో అష్టా, చెమ్మాకి అయిదింతలు!

మీ పిక్కకు వచ్చిన అంకెతో ఈ లెక్క మళ్లీ కట్టండి. వచ్చే పాఠం దాంతోనే మొదలవుతుంది.