చిక్కిపోయిన రోగికి నచ్చిన తిండితోనే బలం పెంచడం ఎలా?

దేవరకొండ దగ్గర ఉండే మా మేనత్త టీబీ మందులు మొదలుపెట్టేనాటికి ఎముకల గూడులా ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా బలం పొడి డబ్బాలు తెచ్చారు. ఒక్కటీ ముట్టలేదు.

ముందు బరువు చూడండి. ఆరు నెలల్లో నూటికి ఐదు వంతులకు మించి తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 57 కన్నా కిందికి దిగితే, డాక్టరుకు చెప్పాల్సిందే. ఐదు రోజులకు పైగా దాదాపు ఏమీ తిననివాళ్లకు ఒక్కసారిగా కడుపునిండా పెట్టొద్దు. రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. ఎంతతో మొదలుపెట్టాలో దవాఖానలోనే అడగండి.

తర్వాత ఇష్టం కనుక్కోండి. "ఏం తింటవత్తా?" అంటే "ఆకలైతలేదు బిడ్డా" అనేది. "జరం రాకముందు ఏది ఇష్టంగ తింటుంటివి?" అని అడిగితే మాత్రం వెంటనే చెప్పింది: జొన్న గటక, పచ్చిపులుసు.

ఇక ఆ తిండిలోనే బలం కలపాలి. వేడి గటకలో చెంచా నెయ్యి వేశాం, చల్లారాక గడ్డ పెరుగు కలిపాం. పచ్చిపులుసులోకి వేయించిన పల్లీల పొడి. పక్కనే పాలమూరు, పల్లీలకేం కరువు? 20 గ్రాముల పల్లీల్లో దాదాపు 5 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. పొడిని ముందు చిక్కటి చింతపండు రసంలో కలిపి, ఆ తర్వాతే నీళ్లు పోయండి, ఉండ కట్టదు. ఉడికిన గుడ్డు పెడితే నీచు వాసన అంటూ అత్త పక్కకు నెట్టింది. అదే గుడ్డు ఉల్లిగడ్డ, కారం వేసి పొరటు చేస్తే గిన్నె ఖాళీ.

కంచం నిండా పెడితే చూసే భయపడతారు. చిన్న గిన్నెలో రోజుకు ఐదారుసార్లు ఇవ్వండి. తినేముందు టీ వద్దు.

పథ్యం పేరుతో పెరుగు, పప్పు, గుడ్డు బంద్ చేసి చారు బువ్వ పెట్టడం మనవాళ్లకు అలవాటు. నాకు ఒళ్లు మండేది దీనికే. డాక్టరు వద్దంటే తప్ప ఏదీ మానిపించొద్దు. షుగర్, కిడ్నీ జబ్బు ఉంటే లెక్క వేరు, డైటీషియన్‌ను అడిగే పెట్టాలి.

టీబీ రోగులకు నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి అది 1,000 అయింది. పేరు ఎక్కిందో లేదో ఆశా కార్యకర్తను అడగండి.

వారానికోసారి అదే కాటా మీద తూకం వేయండి. కాళ్లు వాచి బరువు పెరిగితే అది కండ కాదు, నీరు. మింగేటప్పుడు పొలమారుతున్నా, రెండు వారాలకూ ముల్లు కదలకపోయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.