క్రెటా కొనే ముందు: ఏ తరం, ఏ ఇంజిను, ఎక్కడ వంగి చూడాలి

హ్యుందాయ్ క్రెటా పేరు ఒకటే గానీ రోడ్డు మీద తిరిగేవి నాలుగు రకాలు. 2015 జులైలో వచ్చిన మొదటి తరం, 2018 మేలో దానికే మొహం మార్చి దింపినది, 2020 మార్చిలో వచ్చిన రెండో తరం, 2024 జనవరి నుంచి షోరూముల్లో ఉన్నది. 2025 జనవరిలో కరెంటు క్రెటా కూడా వచ్చింది. దాన్ని చూసే పద్ధతే వేరు, ఇక్కడ వదిలేద్దాం.

ప్రకటనలో "2020 మోడల్" అని కనిపిస్తే వెంటనే సంబరపడొద్దు. ఆ ఏడాది మొదటి రెండు నెలల్లో రిజిస్టర్ అయినవి పాత తరం బీఎస్4 (పాత కాలుష్య ప్రమాణం) బండ్లు. మార్చిలోవి రెండింట్లో ఏదైనా కావచ్చు, ఆ తర్వాతవి కొత్త తరం బీఎస్6 (ఇంకా కఠినమైన ప్రమాణం). రెంటికీ ధరలో లక్షల తేడా ఉంటుంది. ఆర్‌సీలో తయారైన నెల, ఏడాది ఉంటాయి, అవి అడగండి. ఛాసిస్ నంబరులో పదో అక్షరం కూడా అదే సంగతి చెబుతుంది: ఎఫ్ అంటే 2015, హెచ్ 2017, కే 2019, ఎల్ 2020, ఎన్ 2022, పీ 2023, ఆర్ 2024. అమ్మేవాడు చెప్పే "మోడల్" చాలాసార్లు రిజిస్ట్రేషన్ ఏడాదే. 2019 డిసెంబరులో తయారై 2020లో నంబరు పడిన బండిని 2019 ధరకే బేరమాడాలి.

ముందు ఇంజిను తేల్చుకోండి

రంగు, సన్‌రూఫ్ తర్వాత చూడొచ్చు. నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, ఎక్కడ తిరుగుతారు అన్నది ముందు కాగితం మీద పెట్టండి.

మొదటి తరంలో మూడు ఇంజిన్లు: 1.6 పెట్రోలు, 1.4 డీజిలు, 1.6 డీజిలు. వీటిలో 1.6 డీజిలు 128 పీఎస్‌ది (పీఎస్ అంటే ఇంజిను బలం కొలత), ఇప్పటికీ పికప్‌లో కొత్త 1.5 డీజిలుకి తీసిపోదు. పైగా బీఎస్4 కాబట్టి డీపీఎఫ్ గొడవ (అదేంటో కింద చెప్తాం) లేదు. 1.4 డీజిలు 90 పీఎస్, ఐదుగురు ఎక్కి ఏసీ వేసి ఘాట్ ఎక్కితే ఆయాసపడుతుంది. సిటీలో ఒక్కరే నడిపేవాళ్లకి చాలు.

రెండో తరంలో అన్నీ బీఎస్6: 1.5 పెట్రోలు 115 పీఎస్, 1.5 డీజిలు 115 పీఎస్, 1.4 టర్బో పెట్రోలు 140 పీఎస్. ఇక్కడ డీజిలుకి సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ ఉంటుంది. మసిని పట్టి ఉంచి, బాగా వేడెక్కినప్పుడు కాల్చేసే జల్లెడ అనుకోండి. ఆ వేడి రావాలంటే అప్పుడప్పుడూ ఇరవై నిమిషాలైనా హైవే మీద ఆగకుండా నడపాలి. రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి వెళ్లి వచ్చే బండికి ఆ అవకాశం దొరకదు. మసి కాల్చడం మొదలవుతుంది, మధ్యలో ఇంజిను ఆపేస్తారు, కాలని డీజిలు ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. చల్లటి ఇంజినులో డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిలు పై గీత దాటి ఉండి, డీజిలు వాసన కొడుతుంటే ఆ బండి పొట్టి ట్రిప్పులే తిరిగిందని అర్థం. మామూలుగా ఆయిలు తగ్గుతుంది గానీ పెరగదు కదా.

మా లెక్క ఇది: నెలకి 1,500 కిలోమీటర్లు దాటి, అందులో సగమైనా హైవే అయితేనే బీఎస్6 డీజిలు. లేకపోతే 1.5 పెట్రోలు. అందులో మైలేజీ గొప్పగా ఉండదు, కానీ టర్బో లేదు, డీపీఎఫ్ లేదు, రిపేరుకి చెడేవి తక్కువ. డీజిలు ఇంధన మూత పక్కన నీలం మూత కూడా కనిపిస్తే పొగ శుభ్రానికి యూరియా ద్రావణం పోయాల్సిన బండి, ఆ ఖర్చూ లెక్కేసుకోండి.

గేర్‌బాక్సు దగ్గర ఇంకాస్త ఆగాలి. డీజిలు ఆటోమేటిక్‌లో ఉన్నది టార్క్ కన్వర్టర్, పాతపద్ధతి, మొండిది, నమ్మొచ్చు. 1.5 పెట్రోలుకి ఐవీటీ (మెట్లుగా గేర్లు లేని ఆటోమేటిక్), సిటీకి మెత్తగా ఉంటుంది. గట్టిగా తొక్కితే ఇంజిను అరుపు ఎక్కువ, పరుగు తక్కువ, అది జబ్బు కాదు. 1.4 టర్బోకి ఉన్నది ఏడు గేర్ల డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్), పొడి క్లచ్‌ది. హైవే మీద దానంత సరదా ఇంకోటి లేదు. అంగుళం అంగుళం జరిగే ట్రాఫిక్‌లో మాత్రం క్లచ్ సగం పట్టి సగం వదిలి నడుస్తుంది, వేడెక్కుతుంది. అందుకే ఈ బండి కొనేటప్పుడు ఖాళీ రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్ చేసి లాభం లేదు. అరగంట ట్రాఫిక్‌లో తిప్పి, ఫ్లైఓవర్ ఎక్కే చోట ఆపి, నెమ్మదిగా కదిలించండి. కదిలేటప్పుడు బండి వణికినా, ఒకటో గేరు నుంచి రెండుకి మారేటప్పుడు వెనక నుంచి తోసినట్టు అనిపించినా వదిలేయండి.

2023లో కొన్న ఐవీటీ పెట్రోలు అయితే ఒక రీకాల్ ఉంది. 2023 ఫిబ్రవరి 13 నుంచి జూన్ 6 మధ్య తయారైన క్రెటా, వెర్నా బండ్లలో గేర్‌బాక్సు ఆయిల్ పంపు ఎలక్ట్రానిక్ కంట్రోలర్ చూడాలని కంపెనీ 7,698 బండ్లని వెనక్కి పిలిచింది. ఛాసిస్ నంబరు ఇచ్చి ఆ పని అయిందో లేదో సర్వీసు సెంటర్లో అడగండి.

భద్రత ఏ తేదీ నుంచి మెరుగైంది

2022 ఏప్రిల్లో, కార్లని గుద్దించి భద్రత తేల్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ రెండో తరం క్రెటాని రెండు ఎయిర్‌బ్యాగులతో గుద్దించి చూసింది. పెద్దలకి మూడు, పిల్లలకి మూడు నక్షత్రాలు ఇచ్చి, బాడీ నిర్మాణం నిలకడగా లేదని రాసింది. 2023 ఫిబ్రవరి నుంచి ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ (బండి అదుపు తప్పి జారకుండా పట్టే వ్యవస్థ) అన్ని వేరియంట్లకీ వచ్చాయి. కుటుంబం కోసం సెకండ్ హ్యాండ్ తీసుకుంటూ 2022 కింది వేరియంటా, 2023 కింది వేరియంటా అని తేల్చుకోలేకపోతే 2023దే తీసుకోండి, పది వేలో ఇరవై వేలో ఎక్కువైనా సరే. వెనక సీటు మధ్యలో మూడు పాయింట్ల బెల్టు ఉందా, నడుముకి మాత్రమేనా అన్నది కూడా స్వయంగా లాగి చూడండి. వేరియంటుని బట్టి మారుతుంది.

ఒక మాట: క్రెటా ఐదుగురి బండి. ఏడు సీట్లు కావాలంటే అదే కంపెనీ అల్కజార్ చూసుకోవాలి. మన దగ్గర అమ్మే క్రెటాకి నాలుగు చక్రాలకీ శక్తి వెళ్లదు, ముందు చక్రాలకే. 190 మిల్లీమీటర్ల ఎత్తు చూసి పొలంగట్లు ఎక్కించే ఆలోచన ఉంటే మానుకోండి.

బండి దగ్గరికి వెళ్లాక

పొద్దున్నే వెళ్లండి, "నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు" అని ముందు రాత్రే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారు. స్టార్ట్ చేశాక నీలం పొగ అంటే ఆయిలు కాలుతోంది. తెల్ల పొగ వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోంది. డీజిలుకి గట్టిగా తొక్కినప్పుడు దట్టమైన నల్ల పొగ వస్తే ఇంజెక్టర్లు, టర్బో పైపులు చూపించుకోవాల్సిందే.

తర్వాత, మునిగిన బండేమో చూడాలి. దీనికి అరగంట ఇవ్వండి. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ, 2015, 2023 డిసెంబరుల్లో చెన్నై మునిగాయి. ఆ నీళ్లలో నానిన బండ్లు కడిగించుకుని, పాలిష్ పట్టించుకుని, వేరే ఊళ్లో అమ్మకానికి వస్తాయి. పైపైన మెరుపు చూస్తే దొరకవు. ముందు సీటు బెల్టుని చివరిదాకా లాగండి. చుట్టలో లోపలుండే ఆ చివరి జానెడు ఎవరూ కడగరు. బురద గీత అక్కడ అలాగే ఉండిపోతుంది. సీటుని పూర్తిగా వెనక్కి జరిపి పట్టాల మీద, బోల్టుల మీద తుప్పు చూడండి. డ్రైవరు కాళ్ల దగ్గర కార్పెట్ అంచు ఎత్తి కింది ఫోమ్ నొక్కండి. పైన పొడిగా ఉన్నా అది తడిని నెలల తరబడి దాచుకుంటుంది. డిక్కీలో స్టెప్నీ తీసి గుంతలో ఇసుక ఉందేమో వేలితో రుద్దండి. డాష్‌బోర్డు కింద స్కానర్ పెట్టే సాకెట్‌లో పిన్నులు పచ్చబడి ఉంటే ఇంక మాట్లాడాల్సిన పని లేదు. మునిగిన బండి కొన్నాళ్లు బాగానే తిరుగుతుంది. తర్వాత ఒక్కో కంట్రోల్ యూనిట్, ఒక్కో కనెక్టర్ వంతులవారీగా పోతుంది, ఏ మెకానిక్ కూడా మొత్తం ఇంతవుతుందని చెప్పలేడు. ఎంత చవకైనా వద్దు.

సన్‌రూఫ్ ఉన్న బండిలో మాత్రం తడి కనిపిస్తే అది వరద తడే కానక్కర్లేదు. పనోరమిక్ సన్‌రూఫ్ చుట్టూ ఉన్న కాలువల గొట్టాల్లో ఆకులు, దుమ్ము పడి మూసుకుపోతే నీళ్లు లోపలి కప్పు గుడ్డ మీదకి దిగుతాయి. సన్‌రూఫ్ తెరిచి మూలల్లో ఒక గ్లాసు నీళ్లు మెల్లగా పోయండి. ఆ నీళ్లు చక్రాల పక్కగా నేల మీద కారాలి.

గుద్దిన బండిని పట్టుకోవడానికి పెయింట్ మందం కొలిచే మీటరు అద్దెకైనా తెచ్చుకోండి. కంపెనీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 200 దాటితే మళ్లీ రంగేశారు. 500 దాటితే లోపల పుట్టీ ఉంది. ఒక డోరుకి రంగేయడం మన ఊళ్లో తప్పు కాదు, ఆటో రాసుకుపోని బండి ఎక్కడుంది? బంపర్లూ డోర్లూ కాదు, పిల్లర్లు, పైకప్పు, బానెట్ కింద రెండు పక్కలా ఉండే ఏప్రన్లు చూడండి. డోరు రబ్బరు బీడింగ్ లాగి పిల్లరు అంచు చూస్తే కంపెనీ స్పాట్ వెల్డింగ్ చుక్కలు ఒకే దూరంలో ఉంటాయి. గరుకుగా, దగ్గరదగ్గరగా, సీలర్ పులిమి ఉంటే టింకరింగ్ జరిగింది. ఫెండర్ బోల్టుల తలల మీద రంగు లేచిపోతే పానా పడిందన్నమాట. అద్దాల మూలల్లో చెక్కిన ఏడాది ఒక్కోటి ఒక్కోలా ఉంటే ఎందుకు మారిందో అడగండి. 2024 నుంచి వచ్చిన ఏడాస్ (కెమెరాతో దారి చూసి హెచ్చరించే, బ్రేకు వేసే వ్యవస్థ) బండిలో ముందు అద్దం మారిస్తే కెమెరాని తిరిగి సరిచేయించాలి. బిల్లులో ఆ పని రాసి ఉందేమో చూడండి.

రీడింగ్ సంగతికొస్తే, మీటరు ఒక్కదాన్నే నమ్మొద్దు. కంపెనీ సర్వీసు రికార్డులో ప్రతి సర్వీసుకీ రీడింగ్ ఉంటుంది. నలభై వేలు తిరిగిన బండికి క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోదు, స్టీరింగ్ తోలు మెరవదు. టైర్ల మీద నాలుగంకెల ముద్ర, ఉదాహరణకి 2319 అంటే 2019లో 23వ వారం. ముప్పై వేలు తిరిగిన 2021 బండికి నాలుగు టైర్లూ 2024వి ఉంటే ఒక ప్రశ్న అడగాల్సిందే.

నడిపేటప్పుడు మ్యూజిక్, ఏసీ ఆపి, అద్దాలు దించి స్పీడ్ బ్రేకర్ల మీద వాలుగా ఎక్కించండి. టక్‌టక్‌మంటే లింక్ రాడ్లు, బుష్‌లు, అవి చిన్న ఖర్చే. మాన్యువల్ అయితే నాలుగో గేరులో 40 వేగంలో ఒక్కసారిగా తొక్కండి. ఆర్‌పీఎం ఎగిరి, వేగం అక్కడే ఉంటే క్లచ్ జారుతోంది. ఆ బిల్లు ధరలోంచి తగ్గించమనండి.

కాగితాలు, ధర

ఢిల్లీ నంబరు డీజిలు క్రెటాలు ఇక్కడికి చవగ్గా వస్తుంటాయి. అక్కడ డీజిలు బండ్ల మీద పదేళ్ల ఆంక్షల భయంతో వదిలించుకుంటారు. బండి మంచిదే కావచ్చు, కానీ ఎన్‌వోసీ అంటే ఫారం 28 రావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆంధ్ర నంబరు బండి తెలంగాణలో పెట్టుకున్నా వేరే రాష్ట్రపు బండి కిందే లెక్క. ఆ ట్యాక్స్ కలిపాక చవక నిజమో కాదో చూసుకోండి. లోకల్ బదిలీకి ఫారం 29, 30; లోను ఉండి తీరిపోతే బ్యాంకు సంతకంతో ఫారం 35. ఛలాన్లు నంబరు కొట్టి మీరే చూడండి.

ఇన్సూరెన్సులో నో క్లెయిం బోనస్ అమ్మినవాడిదే, మీకు రాదు. పాలసీ మీ పేరు మీదకి 14 రోజుల్లోపు మార్పించుకోవాలి. పాత పాలసీల్లో క్లెయింలు ఏమున్నాయో అడిగితే గుద్దిన కథ బయటపడుతుంది.

ధర దగ్గర అమ్మేవాడు పాత ఆన్‌రోడ్ బిల్లు చూపిస్తాడు. అది పక్కన పెట్టండి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారింది. అంతకు ముందు క్రెటాకి సెస్సుతో కలిపి 45 శాతం పడేది, ఇప్పుడు సెస్సు లేకుండా 40. అంటే కొత్తది అతను కొన్నప్పటి కంటే తక్కువకే దొరకొచ్చు. బేరం ఇవాళ్టి షోరూం ధర నుంచి మొదలవ్వాలి. రెండేళ్ల లోపు బండికి కొత్తదానితో తేడా 15 శాతం కూడా లేకపోతే కొత్తదే తీసుకోండి.

కొత్తది తీసుకుంటే రిజిస్ట్రేషన్‌కి ముందే స్టాక్ యార్డులో బండి చూడండి, తర్వాత కాదు. తయారైన నెల, టైర్ల తేదీలు, రీడింగ్, అద్దాలు, పెయింట్, ఇవన్నీ పగటి వెలుగులో. నాలుగు నెలలు పాతబడిన స్టాక్ అయితే తగ్గింపు అడగడం మీ హక్కు. ఏడాస్ పై వేరియంట్లలోనే ఉంది. ఆవులు, రాంగ్ రూట్ బైకులు ఉన్న దారుల్లో దాన్ని ఎంత వాడతారో ఆలోచించి ఆ డబ్బు పెట్టండి. 160 పీఎస్ 1.5 టర్బోకి మామూలు క్రెటాలో డీసీటీ ఒక్కటే. మాన్యువల్ కావాలంటే 2024 మార్చిలో వచ్చిన క్రెటా ఎన్ లైన్ చూడాలి.

సెకండ్ హ్యాండ్‌లో చివరి విడత డబ్బు ఆర్‌సీ మీ పేరు మీదకి వచ్చేదాకా ఆపి ఉంచండి. బండి తాళాలు రెండూ చేతికి తీసుకుని, రెండింటితోనూ స్టార్ట్ చేసి చూడండి. ఒకటే ఇచ్చి "ఇంకోటి ఇంట్లో ఉంది, పంపిస్తా" అంటే, అది వచ్చిన రోజే మిగతా డబ్బు.