కొండెక్కే సంచిలో కప్పు: తేడా ఎక్కడ కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

మందస వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కేవాళ్లకి, ఎస్.కోట దగ్గర పుణ్యగిరి, నెల్లిమర్ల దగ్గర రామతీర్థం కొండల్లో తిరిగేవాళ్లకి కప్పు తాగడానికే కాదు, కొలవడానికి కూడా. ఓఆర్ఎస్‌కి నీళ్లు, ఉప్మాకి నీళ్లు, క్లోరిన్ బిళ్లకి నీళ్లు, అన్నీ దాంతోనే. చిక్కు కూడా అక్కడే ఉంది. తాగడానికి హాయిగా ఉన్నది కొలతకి సరిపోదు, కొలతకి బాగున్నది మంట మీద పెట్టడానికి పనికిరాదు. ఎక్కువగా వచ్చే ఇబ్బందులు ఇవి.

ఓఆర్ఎస్ మరీ ఉప్పగా ఉంది. ఉప్మా ఒకరోజు జావ, ఇంకోరోజు గట్టి ముద్ద

కారణం: కప్పు ఆకారం. మన గ్లాసులు చాలావరకు పైన వెడల్పు, అడుగున సన్నం. పైన 8 సెం.మీ., అడుగున 6 సెం.మీ. వెడల్పు, 9 సెం.మీ. ఎత్తు ఉన్న కప్పు అంచు దాకా నింపితే దాదాపు 350 మి.లీ. పడుతుంది. సగం ఎత్తుకి పోస్తే 175 వచ్చిందనుకుంటాం, నిజానికి వచ్చేది 150. ఆ లెక్కన లీటరు అనుకుని కలిపింది 860 మి.లీ. దగ్గరే ఆగిపోతుంది.

ఉప్మాకి ఈ తేడా వల్ల పెద్ద నష్టం లేదు. రవ్వ, నీళ్లు రెండూ అదే కప్పుతో, అదే గీత దాకా కొలిస్తే కప్పు ఎంతదైనా ఒకటే: బొంబాయి రవ్వ ఒక వంతు, నీళ్లు రెండున్నర వంతులు. రవ్వ ఇంటి దగ్గర ఒక గ్లాసుతో కొలిచి మూట కట్టి, నీళ్లు కొండ మీద ఇంకో కప్పుతో పోస్తేనే జావ అవుతుంది. ఓఆర్ఎస్ అలా కాదు. 20.5 గ్రాముల పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లకే. నీళ్లు తగ్గితే ఉప్పు ఎక్కువై, విరేచనాలతో నీరసించిన మనిషికి మేలు బదులు కీడు జరుగుతుంది. అరలీటరే కావాలని సగం ప్యాకెట్ అందాజుగా పొయ్యకండి. మందుల షాపులో 200 మి.లీ.కి సరిపోయే చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి, ఒక్కడే వెళ్లేవాడికి అవే మేలు.

చెయ్యాల్సింది: కొన్న కప్పు మీద ఉన్న గీతల్ని నమ్మకుండా ఇంట్లోనే గీతలు పెట్టుకోవడం.

1. కప్పుని వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి సున్నా చెయ్యండి. చల్లనీళ్లు 100 గ్రాములు తూగేదాకా పొయ్యండి. ఒక గ్రాము నీళ్లంటే ఒక మి.లీ.; మన ఎండల్లో తేడా ఒక శాతం కూడా ఉండదు.
2. కాటా లేకపోతే మందుల షాపులో సూది లేని సిరంజి కొనండి. 50 మి.లీ.ది అయితే పని తొందరగా అవుతుంది, 10 మి.లీ.దైనా ఫరవాలేదు.
3. కప్పుని సమంగా ఉన్న చోట పెట్టి, కళ్లు నీటిమట్టానికి దించి చూడండి. నీళ్లు గోడ దగ్గర కొద్దిగా పైకి పాకుతాయి, ఆ అంచు కాదు, మధ్యలో పల్లంగా ఉన్న మట్టం లెక్క. నిలబడి పైనుంచి చూసి పెట్టిన గీత తప్పుతుంది.
4. 100, 150, 200, 250, 300 దగ్గర గీతలు చాలు. 25కి ఒకటి పెడితే చీకట్లో ఏది ఏదో తెలీదు.

ప్లాస్టిక్ కప్పుకి మార్కర్ గీత రెండు తోముళ్లకి పోతుంది. బయటివైపు సూదితో సన్నగా గీసి, ఆ గాడిలో మార్కర్ సిరా పూసి, వెంటనే గుడ్డతో పైపైన తుడవండి, గాడిలోది మిగులుతుంది. లోపల మాత్రం గీయొద్దు, గాట్లలో మడ్డి చేరుతుంది.

లోహపు కప్పుకి బయటి గీత ఎందుకూ పనికిరాదు, లోపలే కనిపించాలి. నోరు వెడల్పుగా ఉంటే గిన్నెల కొట్టుకి తీసుకెళ్లండి. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా స్టీలు సామాన్ల మీద పేర్లు కొట్టే మిషను ఉంటుంది. ఆ మొనతోనే లోపలిగోడ మీద చుక్కలు పెట్టించుకోవచ్చు: 100కి ఒకటి, 200కి రెండు, 300కి మూడు. లోపల పూత ఉన్న కప్పుకి ఈ పని చేయించొద్దు, పూత లేచిపోతుంది. కప్పు ఇరుకైతే చెంచా ఉపాయం ఉంది. పొడుగు కాడ చెంచాని కప్పులో అడుగుకి ఆనించి నిటారుగా పెట్టి, ఒక్కో కొలతకి నీళ్లు కాడని ఎక్కడ తాకాయో అక్కడ గాటు పెట్టుకోవడమే. చెంచా ఎలాగూ సంచిలో ఉంటుంది, బరువు పెరగదు. ఒక్కటే షరతు, ఆ గాట్లు ఆ కప్పుకే చెల్లుతాయి.

కొలత ఎప్పుడూ చల్లనీళ్లతోనే, మరిగించక ముందే చూసుకోండి. మరిగాక కొలిస్తే ఆవిరికి గీతే కనపడదు.

చోడి (రాగి) అంబలి ఉండలు కట్టింది

కప్పు తప్పు కాదు. పొడి పిండి మీద వేడినీళ్లు పోస్తే పిండి పైపొర ఉడికి లోపలికి నీళ్లు పోవు. కప్పులో 100 మి.లీ. చల్లనీళ్లు, రెండు పెద్ద చెంచాల చోడి పిండి వేసి ముందు కలపండి. గిన్నెలో మరుగుతున్న 300 మి.లీ. నీళ్లలో దాన్ని పోస్తూ తిప్పి, ఐదు నిమిషాలు ఉడకనివ్వండి.

పెదవి కాలుతోంది, ఊదుకుంటూ కూర్చునేసరికి టీ చల్లారింది

రెండూ ఒకే కప్పులో జరుగుతాయి. పలచని లోహపు అంచు టీ ఎంత వేడిగా ఉందో అంత వేడెక్కుతుంది. నోరు వెడల్పు కాబట్టి పైనుంచి ఆవిరితో వేడి పోతుంది. అల్యూమినియంలో ఈ బాధ మరీ ఎక్కువ, ఎందుకంటే స్టీలు కంటే, టైటానియం కంటే అది వేడిని పది రెట్లకి మించి వేగంగా మోస్తుంది. కప్పులో టీ సగమే ఉన్నా అంచు కాలేది అందుకే.

స్టీలు, టైటానియం కప్పులైతే అంచుకి రెండు వేళ్లు కిందకే పొయ్యండి, పైభాగం కాస్త చల్లగా ఉంటుంది. వంటింటి అల్యూమినియం రేకు మడిచి మూత చేసుకుంటే టీ వేడి నిలుస్తుంది, బరువు రెండు మూడు గ్రాములు. అల్యూమినియం కప్పుకైతే అంచు మీద ఎక్కించుకునే సిలికాన్ పట్టీ ఒక్కటే దారి. టీ కోసమే కప్పు అయితే ఇంత తంటా ఎందుకు, పాలీప్రొపిలీన్ (అడుగున 5 అంకె ఉండే ప్లాస్టిక్) కప్పు కొనండి.

ప్లాస్టిక్ కప్పు వేడికి వంకరపోయింది

కప్పు అడుగున త్రికోణంలో అంకె చూడండి. 5 అంటే పాలీప్రొపిలీన్; అది కరిగేది 160 డిగ్రీల దగ్గర, కాబట్టి మరిగే నీళ్లకి జంకదు. 1 అంటే నీళ్ల సీసా ప్లాస్టిక్, 70 డిగ్రీలు దాటితే మెత్తబడి ముడుచుకుపోతుంది. సీసా కోసి కప్పు చేసుకోవడం చల్లనీళ్లకే పరిమితం. 6 అంకె ఉన్నది వేడికి వద్దేవద్దు. 5 అంకెదైనా మంట తగలకూడదు, ఇప్పుడే ఆపిన పొయ్యి కాళ్ల మీద పెట్టకూడదు. గడ్డకట్టే చలిలో ఇది పెళుసెక్కి పగులుతుందంటారు, నిజమే, కానీ మన కొండల్లో ఆ చలి రాదు.

మంట మీద పెడితే కప్పు ఉబ్బింది

అది డబుల్ వాల్ కప్పు. రెండు గోడల మధ్య ఇరుక్కున్న గాలి వేడికి వ్యాకోచించి అతుకు విప్పేస్తుంది, ఒక్కోసారి పేలుతుంది. దీన్ని బాగుచెయ్యలేం. మంట మీద పెట్టాలంటే ఒంటి గోడ కప్పే ఉండాలి. కొనేటప్పుడు అంచుని వేళ్లతో పట్టి చూడండి. పలచగా ఒకే రేకులా ఉంటే ఒంటి గోడ, మందంగా గుండ్రంగా తిరిగి ఉంటే అనుమానించాలి. అడుగు 7 సెం.మీ. కంటే చిన్నదైతే చిన్న గ్యాస్ పొయ్యి మీద కాలు నిలవదు, కొలిచిన నీళ్లన్నీ నేలపాలు.

నీళ్లు కాచే తాగాం, అయినా కడుపు చెడింది

చాలామందికి తట్టని కారణం ఇదే: వాగులో ముంచిన కప్పుతోనే కాచిన నీళ్లు తాగడం. కప్పు తడిలో మిగిలిన పచ్చినీళ్లు చాలు. ముంచడానికి కోసిన సీసా అడుగు వేరే పెట్టుకోండి. అది లేకపోతే కాచిన నీళ్లు కొద్దిగా కప్పులో పోసి, అంచు బయటివైపు కూడా తడిసేలా తిప్పి పారబోసి, అప్పుడు తాగండి. మహేంద్రగిరి శిఖరం 1501 మీటర్లు, అక్కడ నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. క్రిములు చావడానికి అది చాలు. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచండి.

క్లోరిన్ బిళ్ల వాడేవాళ్లు ఎన్ని లీటర్లకి ఒక బిళ్లో అట్ట మీద చూసి, గీతలున్న కప్పుతో నీళ్లు కొలిచి పొయ్యాలి. వానాకాలపు ఎర్రనీళ్లయితే ముందు గుడ్డలో వడగట్టండి, మట్టి ఉంటే క్లోరిన్ దానికే ఖర్చయిపోతుంది. వేశాక కనీసం అరగంట ఆగాలి.

కప్పులో పాత వాసన, పసుపు మరక, చిలుము రుచి

పాలీప్రొపిలీన్ నూనెనీ పసుపునీ పట్టుకుంటుంది. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టి, మర్నాడు ఎండలో బోర్లించండి. పసుపు ఎండకే వెలిసిపోతుంది. అల్యూమినియం కప్పులో చారు, మజ్జిగ, నిమ్మనీళ్లు ఉంచొద్దు. ఇత్తడిలోనూ అంతే, కళాయి లేకపోతే పులుపు పడదు. బుడితి ఇత్తడి పనితనం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది గానీ దాని చోటు ఇంట్లోనే.

కొత్త కప్పు కొన్నా సంచి బరువు తగ్గలేదు

పైన చెప్పిన 350 మి.లీ. ఆకారాన్నే పిడి లేకుండా వేర్వేరు వాటితో చేస్తే లెక్క ఇలా వస్తుంది: అరమిల్లీమీటరు స్టీలుతో 90 గ్రాములు, 0.8 మి.మీ. అల్యూమినియంతో 50, 0.4 మి.మీ. టైటానియంతో 40, ఒక మి.మీ. పాలీప్రొపిలీన్‌తో 20. మిల్లీమీటరు మందం ఇత్తడితో అయితే 190 దాటుతుంది. అంటే మంట మీద పెట్టే అవసరం లేనివాడు టైటానియంకి డబ్బు పోసి, ప్లాస్టిక్ కంటే రెట్టింపు బరువు మోస్తున్నాడు. మడత పిడి, మూత, గుడ్డసంచీ కలిస్తే అసలు కప్పు బరువుకి దగ్గరపడతాయి, కాబట్టి కొట్లో అవన్నీ కలిపే తూకం వేయించండి.

ఒక్కడే వెళ్లేవాడికి వేరే కప్పే అక్కర్లేదు. 600 నుంచి 750 మి.లీ. ఒంటి గోడ గిన్నె, గాట్లు పెట్టిన చెంచా ఉంటే వండటం, కొలవడం, తాగడం మూడూ అయిపోతాయి. టీ తాగాకే ఉప్మా పెట్టుకోవాలి, అంతే. శాలిహుండం కొండకి పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి దిగేవాళ్లకి కొలతతో పనిలేదు, ఏ చిన్న కప్పైనా చాలు. నలుగురు కలిసి రాత్రి బస చేసేటట్టయితే కొలత గీతలున్న కప్పు ఒక్కటి చాలు. అది వంట చేసేవాడి దగ్గర ఉండాలి. మిగతా ముగ్గురూ 5 అంకె ఉన్న తేలికపాటి కప్పులు తెచ్చుకుని, ఎవరిది ఎవరిదో తెలిసేలా పిడికి తలో రంగు దారం చుట్టుకుంటే సరి.