విత్తనం దాచుకోవడం, నిర్ణయం నిలుపుకోవడం

స్త్రీపై పెత్తనం, నేలపై పెత్తనం కలిసే పెరిగాయన్నది పర్యావరణ స్త్రీవాదం చెప్పే మాట. 1974లో ఫ్రెంచ్ స్త్రీవాద రచయిత్రి ఫ్రాన్స్‌వాజ్ దోబన్ ఈ వాదానికి పేరు పెట్టినా, అది మన దగ్గర ఎలా నిజమైందో విత్తనాన్ని చూస్తే అర్థమవుతుంది. ఏటా కొనక తప్పని హైబ్రిడ్ పత్తి వచ్చాక విత్తనం గంపలోంచి దుకాణానికి, ఏం వేయాలన్న నిర్ణయం ఆడవాళ్ల నుంచి అప్పు తెచ్చే మగవాళ్లకు మారింది. జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళలు పాత పంటల విత్తనాన్ని తిరిగి ఇంటికి తెచ్చుకున్నారు.

మనమూ విత్తనం దాచుకోవాలంటే, హైబ్రిడ్ గింజ మరుసటి ఏడు ఒకే తీరున పండదు కనుక జొన్న, కొర్ర, కంది, అనుముల పాత రకాలతో మొదలుపెట్టాలి. వాటి ఆచూకీకి పట్టాదారును గాక ఇంట్లోని అవ్వను అడగాలి. ఎంపిక కోతకు ముందే జరగాలి. పక్క చేని పుప్పొడి కలిసే గట్టువారను వదిలి, చేను నడుమ తెగులు సోకని నిండు కంకులను పదుల సంఖ్యలో గుర్తుపెట్టి విడిగా కోయాలి. కళ్లంలో కుప్ప పోశాక ఏది ఏ మొక్కదో ఎవరూ చెప్పలేరు.

ఎండిన గింజ పంటి కింద టక్కున విరగాలి, నొక్కుకుపోతే తేమ ఉన్నట్టే. పేడ, ఎర్రమన్నుతో అలికి ఆరబెట్టిన గంపలో అడుగున ఎండు వేపాకు పరిచి, జల్లించిన బూడిద కలిపిన గింజ పోసి, పైన మళ్లీ వేపాకు కప్పి మూతిని అలకాలి. విత్తే ముందు 100 గింజలను తడిగుడ్డలో మూటకట్టి చూడాలి. 80 మొలిస్తే నిశ్చింతగా విత్తవచ్చు, బాగా తగ్గితే విత్తనం మోతాదు పెంచాలి.

పొరుగువారికి ఇచ్చిన విత్తనాన్ని పంట వచ్చాక రెట్టింపుగా తిరిగి తీసుకోవడం ఆ సంఘాల పద్ధతి. ఆ లెక్క స్త్రీ పేరిటే రాయాలి. ఇక్కడొక ప్రమాదముంది. ప్రకృతి మాత అంటూ పొగిడి, ఎండబెట్టడం, చెరగడం, కాపలా అన్నీ ఆమె నెత్తినే వేస్తే పాత చాకిరీకి కొత్త పేరు పెట్టినట్టే. పనిని మగవాళ్లు పంచుకోవాలి, ఏ సాలులో ఏది పడాలన్నది ఆమె తేల్చాలి.

విత్తనాన్ని దాచుకునే, మార్చుకునే, బ్రాండు పేరు లేకుండా అమ్ముకునే హక్కును 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టం ఇచ్చింది. రైతుల రకాన్ని నమోదు చేయించుకోవడానికి రుసుము లేదు. దరఖాస్తులో పట్టాదారు పేరు గాక, ఆ రకాన్ని కాపాడుతూ వచ్చిన మహిళల పేర్లే రాయించాలి.