వేర్వేరు మతాల సహోద్యోగులకు పండగ తీపి పంచడం ఎలా?

ఆఫీసుకు తీపి డబ్బా పట్టుకెళ్లడం తేలికే. మూత తీశాకే అసలు సంగతి. ఒకరు చేయి చాచి మళ్లీ వెనక్కి తీసుకుంటారు. ఇంకొకరు "తర్వాత తింటానండీ" అని టిష్యూలో చుట్టి సొరుగులో పడేస్తారు. తెచ్చినవాళ్లేమో ఏ పండగ పేరుతో ఇస్తే ఎవరేమనుకుంటారోనని నాలుగు రోజులు ఆలోచించి ఉంటారు. చిక్కు వచ్చేది పండగ దగ్గర కాదు, చాలాసార్లు దినుసుల దగ్గర. ఎవరు ఏం తినొచ్చో తేల్చడం ఇచ్చేవాళ్ల పని కాదు. లోపల ఏముందో దాచకుండా చెబితే ఎవరిది వాళ్లే తేల్చుకుంటారు.

1. రెండు వారాల ముందే అడగండి, అందర్నీ ఒకేలా

పేరు చూసి మతం, మతం చూసి తిండి ఊహించకండి. ఒకే మతంలో గుడ్డు తినేవాళ్లూ ఉంటారు, గుడ్డు తగిలిన గిన్నె కూడా ముట్టనివాళ్లూ ఉంటారు. ఒక్కరినే పక్కకు పిలిచి "మీరు ఇది తింటారా?" అని అడిగితే వాళ్లకి ఇబ్బంది. అందరికీ ఒకటే సందేశం పంపండి:

"నెలాఖరుకి అందరికీ కొంచెం తీపి చేసి తెస్తున్నాను. తిననివి, పడనివి ఏమైనా ఉంటే శుక్రవారంలోగా నాకు విడిగా చెప్పండి. ఎందుకో చెప్పక్కర్లేదు. అసలు వద్దనుకున్నా ఫర్వాలేదు."

చివరి రెండు వాక్యాలు తీసేయకండి. మతమో, మధుమేహమో, ఇంకోటో, ఆఫీసులో చెప్పుకోవడం చాలామందికి ఇష్టం ఉండదు. జవాబు గ్రూపులో కాకుండా మీ ఒక్కరికే రావాలి. అలా కాకపోతే మొదటి ఇద్దరు "నాకేం లేదు" అనగానే మిగతావాళ్లు నోరు మెదపరు.

2. తేదీ చూసుకోండి

మీ పండగ తేదీ మీకు తెలుసు. అదే రోజు ఎదుటివాళ్ల ఉపవాసమేమో చూడాలి.

రంజాన్ నెలలో తెల్లవారినప్పటి నుంచి సూర్యాస్తమయం దాకా మంచినీళ్లు కూడా తాగరు. ఆ నెల ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఏ కాలంలోనైనా రావచ్చు. 2030లో అయితే జనవరిలో ఒకసారి, డిసెంబరు ఆఖర్లో మరోసారి మొదలవుతుంది. డబ్బా మూసి చేతికిస్తే సరిపోతుంది, ఇంటికెళ్లి ఉపవాసం విడిచాక తింటారు.

యూదుల పాసోవర్‌లో ఈ ఉపాయం పనిచేయదు. ఇజ్రాయెల్‌లో ఏడు రోజులు, బయట ఎనిమిది రోజులు, గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ పులిసిన పదార్థాలు తినకపోవడమే కాదు, నిష్ఠగా ఉండేవాళ్లు ఇంట్లో ఉంచుకోరు కూడా. అప్పుడు "ఇంటికి తీసుకెళ్లి తర్వాత తినండి" అని బిస్కెట్ల డబ్బా ఇస్తే, దాన్ని ఎవరికి అంటగట్టాలా అని వెతుక్కోవాలి. ఆ వారం ఆగి ఇవ్వండి.

చాలామంది మర్చిపోయేది ఇంకొకటుంది. జూలియన్ క్యాలెండర్ పాటించే ఆర్థడాక్స్ చర్చిల వాళ్లకి క్రిస్మస్ జనవరి 7న. దానికి ముందు దాదాపు 40 రోజులు ఉపవాస కాలం, అందులో చాలామంది మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు. డిసెంబరు 24న వెన్న బిస్కెట్ ఇస్తే క్రైస్తవులైనా తినకపోవచ్చు. జైనుల్లో సూర్యాస్తమయం తర్వాత తిననివాళ్లు చాలామంది ఉంటారు, కాబట్టి పంపకం సాయంత్రం పార్టీలో కాకుండా మధ్యాహ్నం పెట్టుకోండి.

3. కంటికి కనిపించని దినుసులు వెతకండి

పంది మాంసం పెట్టకూడదని అందరికీ తెలుసు. స్వీట్లో అది జెలటిన్ రూపంలో ఉంటుందని తట్టదు. పంది, పశువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ మార్ష్‌మాలోల్లో, గమ్మీ మిఠాయిల్లో, కొన్ని మూస్‌లలో ఉంటుంది. ముస్లింలు, యూదులు, హిందువులు, జైనులు, ఇతర శాకాహారులు, వీళ్లందరికీ ఒక్క దినుసుతో అడ్డు పడుతుంది. దాని బదులు పెక్టిన్ గానీ అగర్ గానీ వేసినవి కొనండి. రెండూ మొక్కలు, నాచు నుంచి వచ్చేవే.

ప్యాకెట్ వెనక ఈ అంకెలు చూడండి. జెలటిన్‌ని సాధారణంగా పేరుతోనే రాస్తారు, కొన్నిచోట్ల ఇ 441 అని ఉంటుంది. ఇ 120 అంటే కార్మైన్, పురుగుల నుంచి తీసే ఎర్ర రంగు. ఇ 904 షెల్లాక్, మిఠాయికి మెరుపునిచ్చే లక్క, అదీ పురుగుదే. ఇ 471 మొక్క నూనెతోనూ చేస్తారు, జంతువు కొవ్వుతోనూ చేస్తారు. ప్యాకెట్ మీద శాకాహార ముద్ర లేకపోతే దాని మూలం తెలియదనే అనుకోండి. చీజ్‌కేక్ లాంటివైతే చీజ్‌లో పాలను గడ్డకట్టించే రెన్నెట్ జంతువుదా కాదా కూడా చూడాలి.

ఆల్కహాల్ సంగతి ఇంకా చిక్కైనది. రమ్ము కేక్‌ని ఎవరైనా గుర్తుపడతారు, వెనిలా ఎసెన్స్‌ని పట్టించుకోరు. అసలైన వెనిలా ఎక్స్‌ట్రాక్ట్‌లో, అమెరికా ప్రమాణం ప్రకారం, కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలి. "ఓవెన్‌లో ఆవిరైపోతుందిలే" అనేది సగమే నిజం. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం, పిండిలో కలిపిన ఆల్కహాల్ 15 నిమిషాలు వండాక 40 శాతం, గంట వండాక 25 శాతం మిగులుతుంది. చెంచాడు వెనిలాలో మిగిలేది చుక్కే కావచ్చు, అది చాలా తక్కువని మీరు సర్దిచెప్పకండి. వెనిలా పొడి గానీ, గ్లిజరిన్‌తో చేసిన ఎసెన్స్ గానీ వాడితే ఆ చర్చే ఉండదు. కాఫీ రుచి వేసేముందు కూడా ఆలోచించండి, మోర్మన్ చర్చి వాళ్లు టీ, కాఫీ తాగరు.

జైనులు గుడ్డుతో పాటు తేనె, దుంపకూరలు కూడా మానేస్తారు. క్యారెట్ కేక్ శాకాహారమే గానీ వాళ్లకి కాదు.

ఇవన్నీ మతానికి సంబంధించినవి. "పడదు" అన్నవాళ్ల సంగతి దీనికంటే తీవ్రం, అక్కడ పొరపాటు ఆసుపత్రి దాకా వెళ్తుంది. పాలు, గుడ్లు, గోధుమ, సోయా, వేరుశనగ, బాదం జీడిపప్పు లాంటి పప్పులు, నువ్వులు, చేపలు, రొయ్య జాతి: ఈ తొమ్మిదిలో ఏది ఉన్నా డబ్బా మీద చీటీలో పేరు పెట్టి రాయాల్సిందే.

4. అందరికీ ఒక్కటే చేయకండి, రెండు రకాలు చేయండి

అందరికీ సరిపడే ఒకే తీపి కోసం వెతికితే ఎవరికీ రుచించనిది తయారవుతుంది. ఒకటి గుడ్డు లేనిది, ఇంకొకటి గుడ్డూ పాలూ గోధుమా లేనిది చేస్తే దాదాపు అందరికీ ఏదో ఒకటి అందుతుంది. ఈ కొలత పది మందికి.

మొదటిది వెన్న బిస్కెట్లు. పంచదార పొడి 100 గ్రాములు, వెన్న 200, మైదా 300, చిటికెడు ఉప్పు. ఒకటి, రెండు, మూడు పాళ్లు, గుర్తుంచుకోవడం సులువు. వెన్న వేలితో నొక్కితే దిగబడేంత మెత్తగా ఉండాలి, కరగకూడదు. కరిగితే ట్రేలో బిస్కెట్లు పారి ఒకదానికొకటి అతుక్కుంటాయి. వెన్న, పంచదార కలిపి, మైదా వేసి, ముద్ద అయ్యేదాకే కలపండి. చపాతీ పిండిలా పిసికితే గట్టిగా సాగుతాయి. సెంటీమీటరు మందాన ఒత్తి, 25 గ్రాముల చొప్పున కోస్తే 24 వస్తాయి. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, 160 డిగ్రీల సెల్సియస్‌లో 20 నుంచి 25 నిమిషాలు కాల్చండి. అంచు లేత బంగారు రంగుకి తిరగ్గానే తీసేయండి. వేడిగా ఉండగా ముట్టుకుంటే విరుగుతాయి, ట్రేలోనే పది నిమిషాలు వదిలేయండి. తలా రెండు పోగా నాలుగు మిగులుతాయి. అవి విరిగినవాటికి, వాసనకి వంటింట్లోకి వచ్చేవాళ్లకి.

రెండోది చాక్లెట్ పలకలు. పాలు కలవని డార్క్ చాక్లెట్ 400 గ్రాములు, గుమ్మడి గింజలు 100, ఎండు ద్రాక్ష 60. డార్క్ అని పేరున్నా పాల కొవ్వు కలిపేవి ఉంటాయి, వెనక చదవండి. చాక్లెట్‌లో మూడింట రెండు వంతులు వేడి నీళ్ల గిన్నె మీద కరిగించి, దించి, మిగతాది వేసి కలుపుతూ 31, 32 డిగ్రీలకు చల్లారనివ్వండి. ఇలా చేస్తే మెరుపు, పటుక్కున విరిగే గుణం వస్తాయి. ఒక్క నీటి చుక్క పడినా చాక్లెట్ ఇసుకలా గడ్డకడుతుంది, కాబట్టి గరిటె పొడిగా తుడవండి. కాగితం మీద పరిచి, గింజలు, ద్రాక్ష చల్లి ఆరనివ్వండి. ఫ్రిజ్‌లోంచి తీస్తే చెమ్మ పట్టి తెల్లటి పూత వస్తుంది. గది చల్లగా ఉంటే బయటే చాలు. 15 గ్రాముల ముక్కలు తలా మూడు.

యూదుల ఆహార నియమాలైన కోషర్ ఖచ్చితంగా పాటించేవాళ్లకి మీరు ఏ దినుసుతో చేసినా మీ ఇంటి ఓవెన్, గిన్నెలే అడ్డు. నొచ్చుకోకండి, అది మీ శుభ్రత గురించి కాదు. వృత్తంలో యు అక్షరం లాంటి కోషర్ ముద్ర ఉన్న ప్యాకెట్ కొని, సీలు తీయకుండా ఇవ్వండి. అదీ దొరక్కపోతే కోయని తాజా పండు, ఆపిలో నారింజో. డబ్బా మిగతావాళ్లదానిలాంటిదే ఉండేలా చూడండి, లేకపోతే వాళ్లకి వేరుగా చేశారని అందరికీ తెలిసిపోతుంది.

5. చల్లారాకే కట్టండి, చీటీ అతికించండి

బిస్కెట్లు పూర్తిగా చల్లారడానికి గంట పడుతుంది. గోరువెచ్చగా ఉండగా మూత పెడితే ఆవిరి మూతకి పట్టి, తెల్లారేసరికి అన్నీ మెత్తబడతాయి. పుదీనా వాసన ఉన్నదేదైనా వేరే డబ్బాలో పెట్టండి, అది పక్కదాన్నంతా పట్టేస్తుంది. క్రీము, కస్టర్డ్ ఉన్నవి వద్దు. అవి బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. ఆఫీసు బల్ల మీద తీపి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంటుంది.

చీటీ ఇలా రాయండి:

"వెన్న బిస్కెట్లు. గోధుమ మైదా, వెన్న, పంచదార, ఉప్పు. గుడ్డు, జెలటిన్, ఆల్కహాల్ వేయలేదు. బాదం, జీడిపప్పు కూడా వాడే వంటింట్లో చేసినవి."

చివరి వాక్యం రాస్తే ఎవరో ఒకరు మానేస్తారు. మానేయాలనే రాయాలి. "హలాల్", "కోషర్" అని మాత్రం మీ అంతట మీరు రాయకండి, వాటికి నియమాలు, ధ్రువీకరించే సంస్థలు ఉన్నాయి. ఏం వేశారో రాస్తే చాలు.

6. చేతికిచ్చేటప్పుడు

పూజ చేసుకుంటే, పంచాల్సినది నైవేద్యం పెట్టకముందే తీసి పక్కన పెట్టండి. దేవుడికి పెట్టింది ప్రసాదంగా మీకు ఎంతో గొప్పది, కానీ ఇతర దేవుళ్లకి అర్పించింది తినకూడదని నమ్మే ముస్లింలు, క్రైస్తవులు ఉన్నారు. ప్రసాదమే ఇస్తుంటే ప్రసాదమని ముందే చెప్పండి. తిన్న తర్వాత తెలిస్తే తీపి చేదవుతుంది.

కార్డు మీద ఏం రాయాలి? మీ పండగ అయితే మీ పండగ పేరే రాయండి, "మా ఇంట్లో పండగ, మీతో పంచుకుంటున్నాను" అన్నది దాచాల్సిన మాట కాదు. ఎదుటివాళ్లది కాని పండగ వాళ్లకి అంటగడుతూ శుభాకాంక్షలు చెప్పడమే ఇబ్బంది. యెహోవా సాక్షులు క్రిస్మస్, పుట్టినరోజులు జరుపుకోరు. వాళ్లకి పండగ వారం దాటాక, ఏ పేరూ లేకుండా "ఈ ఏడాది సాయానికి థాంక్స్" అని ఇవ్వవచ్చు.

అందరికీ ఒకే పరిమాణం ఇవ్వండి, బాస్‌కి పెద్ద డబ్బా వద్దు. కానుకల మీద సంస్థ నిబంధన ఏమైనా ఉందేమో కూడా ముందే చూడండి. వద్దన్నవాళ్లని "ఒక్కటే తినండి, ఏం కాదు" అని బతిమాలకండి. "సరేనండీ" అని పని మాటలోకి వెళ్లిపోండి.

మిగిలినవి అందరూ తిరిగే చోట పెట్టదలిస్తే రెండు పళ్లేలు, రెండు పట్టకార్లు పెట్టండి. ఒకే పట్టకారుతో వెన్న బిస్కెట్, పాలు లేని చాక్లెట్ రెండూ తీస్తే చీటీ మీద రాసింది అబద్ధమవుతుంది. చీటీని పళ్లేనికే అతికించండి, విడిగా పెడితే గంటలో ఎటో ఎగిరిపోతుంది.