ఫండింగ్ వచ్చాక డిజైన్ టీమ్ స్క్రీన్లు గీయడానికే పరిమితమైతే: సమస్య - పరిష్కారం

లక్షణం: పెట్టుబడి రాకముందు ఏం తయారుచేయాలో డిజైనర్లతో కూర్చుని తేల్చుకున్న కంపెనీయే. ఆర్నెల్లు తిరిగేసరికి "శుక్రవారానికి ఈ స్క్రీన్ కావాలి" అన్న మాట తప్ప వాళ్ళకు ఇంకేమీ అందదు. యూజర్లతో మాట్లాడడం ఆగిపోతుంది.

ముందు చూడాల్సింది: ఇన్వెస్టర్లకు నెలనెలా వెళ్ళే అప్‌డేట్ తెరిచి, మొదటి పేజీలో ఏ అంకె ఉందో చూడండి. ఐదు నిమిషాల పని. దయచేసి ఇది చూడకుండా డిజైన్ హెడ్‌ను మార్చకండి. అలా మార్చినవాళ్ళను చాలామందిని చూశాను, కొత్తగా వచ్చినవాళ్ళూ అవే స్క్రీన్లు గీశారు.

అసలు కారణం: ఆ అంకే. నేను పనిచేసిన ఒక స్టార్టప్‌లో ఆ పేజీ మీద సైన్అప్‌ల సంఖ్య ఒక్కటే ఉండేది. బోర్డు మీటింగ్ దగ్గరపడుతోందని టెన్షన్. మొదటి స్క్రీన్ అడుగున ఉన్న 'తర్వాత చూద్దాం' లింకు తీసేశాం. ఫోన్ నంబర్ ఇస్తే తప్ప లోపల ఏముందో కనపడదు. సైన్అప్‌లు పెరిగాయి, మీటింగ్‌లో మెచ్చుకున్నారు. కానీ అలా చేరినవాళ్ళలో ఏడో రోజుకు తిరిగొచ్చేవాళ్ళు బాగా తగ్గిపోయారు. పేజీలో ఆ లెక్క లేదు కాబట్టి ఎవరూ అడగలేదు. మూడు నెలలు ఆ ఒక్క స్క్రీన్‌కే మెరుగులు దిద్దుతూ, ఇన్వెస్టర్లను తిట్టుకుంటూ గడిపాం. తీరా చూస్తే ఆ అంకెను ఎంచి పంపింది మా ఫౌండరే.

పరిష్కారం: సైన్అప్‌ల పక్కనే, ఏ వారం చేరినవాళ్ళలో ఎందరు నిలిచారో పెట్టండి. మొత్తం యాక్టివ్ యూజర్ల లెక్క చాలదు. కొత్తవాళ్ళు వచ్చిపడుతున్నంత కాలం వెళ్ళిపోయేవాళ్ళు అందులో కనపడరు. యూజర్లు ఎక్కడ ఆగిపోతున్నారో కింద రెండు వాక్యాలు రాయండి. ఆ పేజీ డిజైనరే రాయాలి, మీటింగ్‌లో డిజైనరే చెప్పాలి. ఫౌండర్ నోట మారి వెళితే సగం పోతుంది. రెండు మూడు మీటింగ్‌లకల్లా అడిగే ప్రశ్నలు మారతాయి. ఇన్వెస్టర్లకు యూజర్లు పట్టరని కాదు: 2009లో, ఇళ్ళు అద్దెకిచ్చే సైట్ ఎయిర్‌బీఎన్‌బీ ఫౌండర్లను న్యూయార్క్ వెళ్ళి యూజర్లను కలవమని పంపింది వాళ్ళ ఇన్వెస్టర్ పాల్ గ్రాహమే. వాళ్ళు వెళ్ళి ఇళ్ళ ఫొటోలు తామే తీశారు.

అరుదైనవి: ఇన్వెస్టరే ఫలానా స్క్రీన్ మార్చమంటే, ఒక యూజర్ కాల్‌లో పక్కన కూర్చోబెట్టుకోండి, చాలు. రన్‌వే (చేతిలో ఉన్న డబ్బుతో కంపెనీ నడిచే కాలం) మూడు నెలలే మిగిలి ఉంటే అది డిజైన్ సమస్య కాదు, ముందు డబ్బు సంగతి చూడండి.