గండి పడిందా, కొట్టారా?

కడప వైపు జిల్లా డెస్కులో ఇరవై రెండేళ్లు సబ్‌ఎడిటర్‌గా చేశాను. శీర్షికల్లో నేను ఎక్కువసార్లు కొట్టేసిన మాట గండి. రెండే అక్షరాలు, సింగిల్ కాలమ్‌లో ఇట్టే ఇముడుతుంది. దానికి పట్టిన పీడ కూడా అదే. ఒకరోజు మా జిల్లా పేజీల్లో ఐదు గండ్లు లెక్కపెట్టాను: ఆదాయానికి, ఓట్లకు, చదువులకు, ఆరోగ్యానికి, ఆశలకు. బయట చినుకు కూడా లేదు.

ముందు అసలు గండి సంగతి. మా జిల్లాలో గండి అంటే కొండల మధ్య ఏరు దారి చేసుకున్న సందు. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుపోయిన చోట ఉంది కాబట్టి అది గండికోట. వేంపల్లె దగ్గర పాపాఘ్ని కొండల్లోంచి బయటపడే చోటిని ఉత్తినే ‘గండి’ అంటారు. వార్తల్లో వచ్చే గండి వేరు. అది చెరువు కట్టకో, కాలువ గట్టుకో పడేది.

పడేదాకా ఏం జరుగుతుందో తెలుసుకుని రాయండి. కట్ట వెనక తేమ కనిపిస్తే ఊట. ఎండ్రకాయ బొక్కలోంచో, చెట్టు వేరు కుళ్లిన చోటునుంచో నీళ్లు ధార కడితే బుంగ. బుంగను ఇసుక మూటలతో ఆపలేకపోతే గండి. కట్టే పోతే గండి అనకండి. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది, దానికి గండి అన్న మాట చాలదు. 2024 ఆగస్టులో తుంగభద్రలో పోయింది 19వ గేటు. 2023 అక్టోబరులో మేడిగడ్డలో పిల్లర్లు కుంగాయి. ఆ రెండూ గండ్లు కావు. ఇక మరవ పారిందంటే చెరువు నిండి మిగులు నీళ్లు బయటికి పోతున్నాయని అర్థం. తెలంగాణలో మత్తడి దూకిందంటారు. ఊరు కొబ్బరికాయ కొట్టే వార్త అది. దాన్ని గండిగా రాసిన కుర్రాణ్ని నేను చూశాను.

క్రియ దగ్గర ఇంకా జాగ్రత్త. ‘గండి పడింది’ అంటే వానదో, నిర్వహణదో తప్పు. ‘గండి కొట్టారు’ అంటే మనిషి మీద నేరం మోపినట్టు. ఎవరు కొట్టారో చెప్పే ఆధారం లేకపోతే ‘పడింది’ దగ్గరే ఆగండి. తర్వాత ఇరిగేషన్ ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజినీరుకు, ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: ఎక్కడ, ఎన్ని మీటర్లు, ఎన్ని క్యూసెక్కులు పోతోంది? క్యూసెక్కంటే సెకనుకు ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు గండ్లు ఎన్ని, ఎన్ని పూడ్చారన్న లెక్కే రోజూ వార్త. మూడు గండ్లూ పూడ్చేదాకా జనం దానికోసమే పేపరు చూశారు. అలాంటి వారంలో ‘ఖజానాకు గండి’ పెట్టడం మోటుతనం.

నేనూ ఆ పని చేశాను. రెండు రోజుల ముసురు. ఓ ఊరి చెరువులో చేపల వేలాన్ని సిండికేటై చవగ్గా పాడుకున్నారని వార్త వచ్చింది. రాత్రి షిఫ్టులో నిద్రమత్తులో ‘పెద్దచెరువుకు గండి’ అని పెట్టి పంపేశా. తెల్లవారుజామున దిగువ ఊరి సర్పంచి ఫోన్: “సార్, మేం కట్టమీదే ఉండాం. గండి యాడ?” అప్పటికే గొడ్లను బడి దగ్గరికి తోలేశారట. ఏం చెప్పాలో తెలియక ‘వేలంలో...’ అని నసిగాను. ఆయన పెట్టేశాడు.

అప్పటినుంచీ నాకో పద్ధతి అలవాటైంది. ఏఈని అడిగే ప్రశ్నలే అలంకారపు గండినీ అడుగుతాను. నిల్వ ఉన్నదో, రావాల్సిందో ఏదైనా కారిపోయిందా? ఎంత? ఎటు పోయింది? ఆదాయం, ఓట్లు ఈ పరీక్షకు నిలుస్తాయి. ఒక పార్టీ ఓట్లు ఇంకో పార్టీకి మళ్లితే నిజంగా గండే. చదువులు నిలవవు, అవి ఆగిపోతాయి. ఆశల మీద నీళ్లు చల్లుతారు కానీ గండి కొట్టరు.

తమాషా ఏమిటంటే, మూడు ప్రశ్నలకూ జవాబు దొరికాక చాలాసార్లు గండి అవసరమే ఉండదు. ‘గ్రావెల్ దందాతో ప్రభుత్వ ఆదాయానికి భారీ గండి’ అని ఓ కంట్రిబ్యూటర్ పంపాడు. భారీ అంటే ఎంత అని అడిగా. ఒక రాత్రంతా రోడ్డు పక్కన టీ బంకులో కూర్చుని లెక్కపెట్టి వచ్చాడు. గ్రావెల్ తవ్వినందుకు ప్రభుత్వానికి కట్టాల్సిన రుసుమును సీనరేజి అంటారు. శీర్షిక ఇలా మారింది: ‘రాత్రికి 40 ట్రాక్టర్ల గ్రావెల్, సీనరేజి సున్నా’.

“సార్, సింగిల్ కాలమ్‌లో పట్టదు” అన్నాడు. డబుల్ కాలమ్ చేశాం.